పచ్చ నాలుక

రెండేళ్లకోసారి కన్వర్టర్ చల్లబడుతుంది.
అప్పుడే మనుషులం లోపలికి దిగుతాం.
గుండ్రటి కంతలోంచి ముందు దీపం,
దాని వెనక దుమ్ము పీల్చే గొట్టం,
దాని వెనక నడుముకు తాడుతో నేను.
మాస్కు పట్టీ తెగింది. ముడేసుకున్నాను.

పై వరసంతా పలుగురాళ్లు. ఏరి పక్కన పెట్టాలి.
కింద ఉంటుంది అసలు సరుకు:
వెనేడియం పట్టించిన బోలు ముక్కలు, వేలెడంతవి.
పోసిన రోజు పసుపుకొమ్ముల రంగు,
ఇప్పుడు నాచు పట్టిన గచ్చు రంగు.
"కబాసో, తొక్కకు!" అంటాడు పైనుంచి మేస్త్రీ.
తొక్కకుండా ఎక్కడ నిలబడను, గాల్లోనా?

బళ్లో చెప్పారు:
తాను మారకుండా ఇంకోదాన్ని మార్చేది ఉత్ప్రేరకం.
ఆ వాక్యానికి నాకు రెండు మార్కులొచ్చాయి.
జల్లెడ ఆ మాట ఒప్పుకోదు.
పది బస్తాలు పోస్తే ఒక బస్తా పిండి.
కొలిమి దుమ్ము, ఆర్సెనిక్, ఆమ్లపు చెమ్మ
ఒక్కో ముక్కలో గూళ్లు కట్టుకుని ఉన్నాయి.

మా పేటలో ఆ వాయువుని సెంటా అంటారు.
పేరు చూసి మోసపోకండి.
గొంతులో అగ్గిపుల్ల గీసినట్టుంటుంది.
దండెం మీది చితెంగె గుడ్డకి చిల్లులు పడతాయి.
మా అమ్మ వేసిన గుమ్మడి పాదు,
ఆ ఆకుల్లో వేరుశనగ పొడి వేసి వండితే
ఇంటిల్లిపాదికీ ఒక పూట గడుస్తుంది,
దాని అంచులు తెల్లబడి కాగితంలా చేతికొస్తాయి.
ఇంటికప్పు రేకు సంగతి సరేసరి,
పడుకుని చుక్కలు లెక్కపెట్టుకోవచ్చు.

కన్వర్టర్ సరిగ్గా నడిచిన రోజు
ఆ సెంటాయే ఆమ్లమై ట్యాంకరెక్కి వెళ్లిపోతుంది.
ఆ రోజు ఎవరూ ఏమీ అనరు.
మంచి గాలికి మా వీధి ఇంకా పేరు పెట్టలేదు.

ఈ ముక్కలకి ఒకటే మొండితనం.
నాలుగు వందల డిగ్రీలు దగ్గరపడితేగాని కళ్లు తెరవవు.
అంతదాకా వాయువు వాటి పక్కనుంచే
ముఖపరిచయం లేనట్టు నడిచిపోతుంది,
పొగగొట్టంలోకి, అక్కడినుంచి మా మీదికి.
ఒకటిన్నర రోజు వేడెక్కించమని పుస్తకంలో ఉంది.
ఇరవై గంటలకే కొలిమి వెలిగించమన్నారు.
రాగి ధర బాగుందట.

తెల్లవారుజాము మూడు.
కంట్రోల్ రూములో ముల్లు మూడు వందల నలభై దగ్గర ఆగి ఉంది.
షిఫ్టులో న్కందు.
ముల్లు వంక చూసింది, నా వంక చూసింది.
పెదవి కదపలేదు.
ఫోను మాత్రం బల్ల మీదుగా నా వైపు జరిపింది.

"బమాయో, లే. బట్టలు లోపలికి తియ్యి.
పాదు మీద గోనెపట్టా కప్పు.
పక్కింటి సంపాని లేపు, పిల్లాడికి ఉబ్బసం."
"ఎవరు చెప్పార్రా?"
"ఎవరూ చెప్పలేదు."

ఆమె ఒక తలుపు తట్టింది.
ఆ తలుపు ఇంకో రెండు తలుపులు తట్టింది.
నాలుగింటికల్లా పేటంతా
కిటికీలకి తడిగుడ్డలు కట్టుకుని చీకట్లో కూర్చుంది.
సంపా వాళ్ల నాయనమ్మ కుక్కని కూడా లోపలికి లాక్కుందట.
మా అమ్మ ఒక్కతే బయట ఉండిపోయింది,
గోనెపట్టా చాల్లేదని
పెట్టెలోంచి పండగ చితెంగె తీసి పాదు మీద పరుస్తూ.

పై అధికారి అడిగాడు, ఎవరి ఫోను అని.
న్కందు తనదే అంది. తనదే మరి.
ఆమెకి మూడు రోజుల జీతం పోయింది.
నాకు ఏమీ పోలేదు. అది ఇంకా గుచ్చుతోంది.

మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం ముందు ఆవులిస్తే
కూతురు ఒళ్లోకెక్కి నోరు తెరిపించింది.
"నాన్నా, నీ నాలుక పచ్చగా ఉంది!"
వెనేడియం దుమ్ము. నాలుగు రోజులైనా వదల్లేదు.
నీళ్లు పుక్కిలిస్తే ఇనుప తాళంచెవి రుచి.
"గుమ్మడాకు పచ్చిది తినేశావా?"
తిన్నానన్నాను.

ఇంకా ఎన్ని మిగిలాయో చూడ్డానికి
అది పెరట్లోకి పరుగెత్తింది.